ఉభయపరిచయ క్రీడ
(తణుకు వార్షిక సభయందు చేసిన యుపన్యాసము)



సభయనగా నుపన్యాసములు, తీర్మానములు, భోజనములు అని మనము తలంచుచున్నాము. వచ్చినవారు తమ బంధువులతోనే కూర్చుండి, వారితోనే భుజించి, వారితోనే మరలిపోవుదురు. ఒంటరిగా వచ్చిన బీదవిద్యార్థియు, ఈ ప్రాంతమునకు క్రొత్తగా కోడలై వచ్చిన యువతియు పలుకరించువారు లేక గోడప్రక్కన నిలుచుందురు. ఈ లోపమును దీర్చుటకై నేనొక క్రీడను కల్పించితిని. దానికి ‘ఉభయపరిచయ క్రీడ’ యని పేరిడితిని.

అపరిచితుని కులగోత్రము లడుగుట మనకు క్రొత్త కాదు. పూర్వులు అభివాదమున ప్రవరఋషులను, గోత్రమును, సూత్రమును జెప్పి తమ్ము తామెఱిగించుకొనిరి. నేటికిని తణుకున రైలెక్కినవాడు అత్తిలి చేరులోపల ‘తమదే యూరు? ఎవరి తాలూకు?’ అని యడుగక మానడు. అయితే ఆ ప్రశ్నలు తఱచుగా ‘ఎన్ని యెకరములు? ఎంత జీతము?’ అను చోటికి జాఱును. స్నేహ మచ్చటనే యాగిపోవును.

ఇక క్రీడావిధానము. వేర్వేరు గ్రామములవారు ఎనమండుగురు వలయముగా కూర్చుండవలెను. ఎనమండుగురిలో 28 జంటలేర్పడును గనుక పరిచయము బయల్పడుట కవకాశము మెండు. ఒకరు నడుమ కూర్చుండగా తక్కినవారు వరుసగా నొక్కొక్క ప్రశ్న వేయుదురు. ఎచ్చట చదివితిరి? ఎవరు చదువు చెప్పిరి? జబ్బుపడినప్పుడు ఏ వైద్యునికడ మందు పుచ్చుకొంటిరి? ఏ సంతకు పోవుదురు? ఉభయులకు దెలిసినవాడొక డున్నట్లు తోచినచో నతని యూరును వృత్తిని మాత్రము చెప్పవలెను. పిమ్మట నిరువురును వేర్వేరు చీట్లపై పేరు వ్రాసి చూపవలెను. పేర్లు కలిసిన జయము.

నిషేధములు మూడు. బంధువులు లెక్కకు రారు. మంత్రులును సినిమా నటులును రారు. మనము వారి నెఱుగుట చాలదు, వారును మనలను పేరుపెట్టి పిలువగలవారై యుండవలెను. ఆస్తి, జీతము, కట్నముల ప్రసక్తి కూడదు.

బంధువులను విడిచినచో మిగులువారెవరు? ఊరూర బదిలీయైన బడిపంతులు, కాంపౌండరు, తపాలాబంట్రోతు, కొల్లేటి చేపలను దూరమునకు చేర్చు లారీ డ్రైవరు. ఆకివీటి రైతును తాడేపల్లిగూడెపు వర్తకుని కలుపువాడు తఱచుగా మన సంఘమువాడు కాడు. సంఘసభలో నీ మాట చెప్పుటకు నేను వెనుదీయను. మనలను మనతో కలుపుచున్నవారు అన్యులే యని యెఱుంగుట మనకు మేలు.

ఇట్టి యాలోచన దేశాంతరములందును గలదు. 1929లో హంగేరీ రచయిత ఫ్రిగ్యెష్ కరింతి తన కథలో నొక క్రీడను వర్ణించెను: లోకమున నే మనుష్యునైనను అయిదుగురు మధ్యవర్తులకు మించకుండ తనతో ముడిపెట్టుట. అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అను శాస్త్రజ్ఞుడు పరిచితుల చేతులమీదుగా నుత్తరములు పంపించి దీనిని పరీక్షించెను. 1969లో ప్రకటించిన ఫలితములనుబట్టి 296 మంది నెన్నుకొనగా, 64 ఉత్తరములు గమ్యము చేరెను. చేరినవానికి మధ్యవర్తులు సగటున అయిదుగురు మాత్రమే.

చేరనివాని సంగతి యేమి? దారి లేక యాగినవి కొన్ని కావచ్చును. చేతనున్న యుత్తరమును ముందునకు పంపనివారివలన నాగినవి పెక్కు. మన సభలయందును ఇదియే లోటు. దారి యున్నది, అడుగువాడు లేడు.

కావున మధ్యాహ్నభోజనానంతరము ఒక గడియకాలము ఈ క్రీడకై కేటాయింపుడని కార్యనిర్వాహకులను ప్రార్థించుచున్నాను. వ్యయము కొన్ని చీట్లు, పెన్సిళ్లు మాత్రమే. పెద్దలు ముందుగా లేచి గోడప్రక్కన నున్నవారిని వలయములోనికి పిలువవలెను. పిలుపు లేనిదే వారు రారు.