ఐదు నిమిషాల పాట



ఈ పూట ముచ్చట జపాన్ దేశం గురించి. అక్కడ పిల్లలు టీవీలో చూసే బొమ్మల పాటల గురించి. పిల్లల పాటలతో మనకేం పని అని లేచి పోకండి. ఆ పాటల రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి. కొన్నది పిల్లలున్న ఇళ్ళవాళ్ళు మాత్రమే కాదు.

జపాన్ మనకు తూర్పున, సముద్రం మధ్యలో వుంది. అక్కడ ఎన్.హెచ్.కె. అనే సంస్థ వుంది. మనకు దూరదర్శన్ ఎలాగో వాళ్ళకు అది అలాగ. 1961 ఏప్రిల్‌లో ఆ సంస్థ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పేరు 'మిన్నా నో ఉతా'. అంటే 'అందరి పాట'. అంతా కలిపి ఐదే నిమిషాలు. అందులో మామూలుగా రెండు పాటలు. మొట్టమొదటి పాట జపాన్ పాట కూడా కాదు! చెకోస్లోవేకియా వైపు జానపదం. పచ్చిక బయళ్ళ పాట. దాన్ని జపాన్ మాటల్లోకి మార్చి పాడించారు. ఆ కార్యక్రమం అరవై ఏళ్ళు దాటినా ఇంకా వస్తూనే వుంది.

పాట సాగుతుంటే తెర మీద బొమ్మలు కదులుతాయి. బొమ్మ ఎలా కదులుతుంది? కదలదు. కదిలినట్టు మన కంటికి అనిపిస్తుంది. పిల్లి చెయ్యి ఎత్తాలంటే, చెయ్యి కొంచెం కొంచెం లేచినట్టు వరసగా బొమ్మలు గీస్తారు. వాటిని గబగబా ఒకదాని వెనక ఒకటి చూపిస్తారు. ఒక సెకనుకు 8 బొమ్మలు అనుకుందాం. రెండున్నర నిమిషాల పాటకు ఎన్ని కావాలి? రెండున్నర నిమిషాలంటే 150 సెకన్లు. 150 ఎనిమిదులు 1,200. ఒక్క చిన్న పాటకు పన్నెండు వందల బొమ్మలు! కొందరు గీయకుండా కాగితాలు కత్తిరించి చేస్తారు. కొందరు తోలుబొమ్మలంత బొమ్మలను చేసి, వాటిని కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీస్తారు. ఒకామె రాత్రిపూట మ్యూజియంలో తిరిగే పాట ఒకటి 1984లో వచ్చింది. దాని బొమ్మలు ఒకమోతో తదనారి అనే పేరున్న కళాకారుడు అలాగే చేశాడు.

పిల్లలకు ఇవి ఎందుకంత నచ్చాయి? ఒకటి, చిన్నవి. విసుగు పుట్టేలోపు అయిపోతాయి. రెండు, ఒక పాట వస్తే రెండు నెలలపాటు అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొదటి వారం వింటారు, రెండో వారం గొంతు కలుపుతారు, నెల తిరిగేసరికి నోటికి వచ్చేస్తుంది. ఇంకొక సంగతి మీకు బాగా తెలుస్తుంది. పాట మాటలు తెర మీద అక్షరాల్లో కనిపిస్తాయి. చెవికి విన్నమాటే కంటికి కనబడుతుంది. జపాన్ వాళ్ళ చదువు తేలిక కాదు. పిల్లలు ముందు నలభై ఆరు చిన్న అక్షరాలు నేర్చుకుంటారు. ఆ తరవాత రెండు వేల పైచిలుకు బొమ్మల్లాంటి అక్షరాలు నేర్వాలి. తెలిసిన పాట కింద తెలియని అక్షరం వుంటే, దానికి భయపడే పని తగ్గుతుంది. మన దేశంలోనూ 1999లో గుజరాత్ దూరదర్శన్‌లో సినిమా పాటల కింద గుజరాతీ అక్షరాలు వేశారు. అహ్మదాబాద్‌లోని ఐఐఎం అధ్యాపకుడు బ్రిజ్ కొఠారి ఆలోచన అది. చదువు కొత్తగా వచ్చినవాళ్ళు మరిచిపోకుండా వుండాలని.

అయితే అక్షరాల కోసమని ఎవరూ పాట వినరు. పాటలో కథ వుండాలి.

తైయాకి పాట చూడండి. ఇది ఎన్.హెచ్.కె.ది కాదు. మరో టీవీ సంస్థ పిల్లల కార్యక్రమంలో వచ్చింది. తైయాకి అంటే చేప ఆకారంలో కాల్చిన తినుబండారం. లోపల తీపి పూర్ణం పెడతారు. మన బొబ్బట్టులో పెట్టినట్టే. రోజూ పెనం మీద కాలీ కాలీ ఆ చేపకు విసుగొచ్చింది. అంగడి పెద్దాయనతో పోట్లాడి సముద్రంలోకి దూకింది. పూర్ణంతో పొట్ట బరువు, అయినా హాయిగా ఈదింది. చివరికి ఆకలికి గాలం కొరికింది. గాలం వేసినాయన దాన్ని ఇష్టంగా తినేశాడు. అంతే కథ!

పిల్లల పాటకు ఇలాంటి ముగింపా అని ఎవరైనా అడగవచ్చు. కానీ 1975 డిసెంబరులో దాని రికార్డు వస్తే 45 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కూడా ఇది మా పాటే అనుకున్నారు. రోజూ అదే పెనం, అదే పెద్దాయన! పాడినాయనకు మాత్రం మొదట ఒక్కసారే కూలి ఇచ్చారు. అమ్మకాల్లో వాటా లేదు. అది కూడా తైయాకి కథలాగే వుంది.

1999లో ఇంకో పాట వచ్చింది. ఇది ఎన్.హెచ్.కె. పసిపిల్లల కార్యక్రమంలోది. దాంగో అంటే బియ్యప్పిండి వుండలు. మన ఉండ్రాళ్ళ వంటివి. మూడింటిని ఒక పుల్లకు గుచ్చుతారు. ఆ మూడూ అన్నదమ్ములు. ఒకరినొకరు దెబ్బలాడుకున్నా, పుల్ల ఒకటే కాబట్టి విడిపోరు. ఆ మార్చిలో సీడీ వస్తే సుమారు 29 లక్షలు అమ్ముడుపోయాయి. దాంగో అంగళ్ళకు గిరాకీ పెరిగింది.

ఇంత మంది మెచ్చిన పాటలు కదా, అన్నీ భద్రంగా దాచి వుంటారు అనుకుంటున్నారా? లేదు. తొలి రోజుల్లో వీడియో టేపు చాలా ఖరీదు. ఒకసారి చూపించాక దాన్ని తుడిచి, మీద వేరే కార్యక్రమం రికార్డు చేసేవారు. అలా 'అందరి పాట'లో ఎన్నో పాటలు మాయమయ్యాయి. పాట రాసినవాళ్ళు వున్నారు, విన్నవాళ్ళు వున్నారు, పాట లేదు.

2011లో ఆ కార్యక్రమానికి యాభై ఏళ్ళు నిండాయి. అప్పుడు ఎన్.హెచ్.కె. జనాన్నే అడిగింది. మీ ఇళ్ళలో పాత టేపులు వుంటే పంపండి అని. ఎక్కడెక్కడి నుంచో టేపులు వచ్చాయి. చిన్నప్పుడు టీవీ దగ్గర కూర్చుని పట్టిన పాటలు, పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టినా పారెయ్యకుండా పెట్టెల్లో దాచుకున్నవి. కొన్నిట్లో బొమ్మ కూడా దొరికింది. కొన్నిట్లో గొంతు మాత్రమే.

ఆ రోజుల్లో రికార్డు చెయ్యాలంటే చాలామంది టేపురికార్డరును టీవీ ముందు పెట్టేవారు. ఇంట్లోవాళ్ళను మాట్లాడవద్దని చెప్పేవారు. ఎంత చెప్పినా గిన్నె చప్పుడో, తలుపు చప్పుడో టేపులో పడకుండా వుంటుందా!