ముందు నీళ్లు కొలవండి

 పట్టాలు అందుకున్న మీ అందరికీ ఒక మాట. 

విశాఖ తీరంలో, లోతు తక్కువ నీళ్లలో, సోనార్‌తో మైన్ల (నీటి మందుపాతరల) లాంటి చిన్న వస్తువుల్ని వెతకడమే నా ఉద్యోగం. “పవర్ పెంచితే దొరకదా సార్?” అని కొత్తగా చేరిన ప్రతివారూ అడుగుతారు. దొరకదు. మనం పంపిన ధ్వని అడుగునున్న ఇసుకకూ పైనున్న అలలకూ తగిలి తిరిగొస్తుంది. పవర్ పెంచితే వస్తువు ప్రతిధ్వనితో పాటు ఆ రొదా అంతే పెరుగుతుంది.

ఒక వేసవిలో నీటి మధ్యన వేలాడదీసిన పరీక్ష గోళం పొద్దున స్పష్టంగా కనిపించింది, మధ్యాహ్నానికి మాయమైంది. పడవ అదే, యంత్రం అదే. కుర్ర ఇంజనీర్లు కేబుళ్లు విప్పబోతుంటే మా పెద్దాయన ఆపి, థర్మామీటర్ దించమన్నారు. ఎండకు పైనీరు వేడెక్కింది. ధ్వని చల్లటి నీటివైపు వంగుతుంది కనుక, గోళం దాకా పోకుండానే అడుగుకు దిగిపోయింది. 1930లలో అమెరికా నౌకాదళానికీ ఇదే అనుభవం. మన బంగాళాఖాతం ఇంకా మొండిది. వానల తర్వాత నదుల మంచినీరు ఉప్పునీటిపై పొరలా పరుచుకుంటుంది. అందుకే చలికాలంలో పైన చల్లగా, కింద వెచ్చగా ఉండే రోజులుంటాయి. అప్పుడు ధ్వని పైకి వంగుతుంది, వేసవి లెక్కలు పనికిరావు.

నా బెంగంతా ఇక్కడే. కొత్తగా చేరినవాళ్లు ఏసీ గదిలో కూర్చుని, ఎక్కడో తీసిన సోనార్ చిత్రాలతో న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పించి, “98 శాతం కచ్చితత్వం సార్” అంటూ వస్తారు. ఏ నీళ్లు, ఏ అడుగు అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇదేం చదువర్రా! ఇసుక మీద నేర్చిన మోడల్ బురదలో సగం కూరుకున్న మైన్‌ను పోల్చుకోగలదా? తప్పుడు హెచ్చరికలు ఎక్కువయ్యాయని ‘ఇది మైనే’ అని తేల్చే హద్దు పెంచేస్తారు, వాటితో పాటు అసలుదీ పోతుంది. 1991 ఫిబ్రవరి 18న పర్షియన్ గల్ఫ్‌లో ప్రిన్స్‌టన్ అనే అమెరికా యుద్ధనౌకను దెబ్బతీసింది అడుగున పడి ఉండే మైనే. అలాంటి నౌకల్లో మనుషులుంటారు. మీరు పెంచే హద్దుకు మూల్యం చెల్లించేది వాళ్లే.

అందుకే అడుగుతున్నాను. మీ మొదటి డేటా మీరే పడవెక్కి తీయండి. వాంతులైనా సరే, వెళ్లండి. ఎక్కడ బురదో, ఎక్కడ రాయో మరపడవ సరంగును అడగండి, వల చిరిగిన చోటు అతనికి తెలుసు. ప్రతి రికార్డు మీద ఆ వేళ నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, అడుగు రకం రాయండి. అవి లేని రికార్డును నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోకండి.