రొద పెట్టే కంప్యూటర్

మీ కంప్యూటర్ ఆన్ చేయగానే గుయ్యిమని రొద పెడుతోందా? వెంటనే కొత్త ఫ్యాన్ కొనకండి. ముందు ప్లగ్ పీకేసి, పక్క మూత తీసి చూడండి. ప్రాసెసర్ మీద వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము మెత్తలా పేరుకుని ఉంటుంది. గాలి ఆడక ఫ్యాన్ ఇంకా వేగంగా తిరుగుతుంది. ఆ వేగమే చప్పుడు. రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తని బ్రష్‌తో దులపండి.

అయినా తగ్గలేదా? అప్పుడు పెద్ద ఫ్యాన్ చూడండి. పెద్దది నెమ్మదిగా తిరిగినా సరిపడా గాలి తోస్తుంది. నెమ్మదిగా తిరిగితే చప్పుడు తక్కువ. మీ కేసులో పట్టే సైజు చూసుకుని, నాలుగు పిన్నులది అడగండి. వేడిని బట్టి మదర్‌బోర్డే దాని వేగం మారుస్తుంది. నీళ్ల కూలింగ్ అయితే నిశ్శబ్దం అనుకుంటారు గానీ, దానికీ ఫ్యాన్లుంటాయి, పైగా ఒక పంపు. ఇంట్లో లెక్కలు, చదువులు చూసుకునే కంప్యూటర్‌కు అంత హంగు అక్కర్లేదు.