మార్గళి కచేరీల్లో మేము విన్నది



కోలారు, షోలాపూర్, బరంపురం, యానాం నుంచి ఇంత దూరం వచ్చిన అన్నలకు, అక్కలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మద్రాసు తెలుగువాళ్ళ తరఫున వందనాలు. మద్రాసు అంటున్నామని నవ్వకండి. మా ఇళ్ళలో ఇప్పటికీ అదే పేరు.

ఈ కూడిక పెద్దలు మమ్మల్ని "పాట గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. మేము నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. మాలో ఎవరూ సంగీతం నేర్చుకున్నవాళ్ళం కాదు. ఒకరికి కీబోర్డు వచ్చు, అదీ ఆదివారం ఆరాధన వరకే. కానీ కొన్నేళ్ళుగా డిసెంబరు, జనవరి నెలల్లో పాట వినడానికి కలిసి వెళ్తున్నాం. మాకు గుర్తుండిపోయినవి చెబుతాం. మైకు ఒకరి చేతిలో ఉన్నా మాట నలుగురిదీ.

ముందుగా బయటి ఊళ్ళవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మన ధనుర్మాసాన్ని తమిళులు మార్గళి అంటారు. ఆ నెలంతా చెన్నైలో సభల నిండా కర్నాటక సంగీత కచేరీలే. 1927లో ఇక్కడ కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు సంగీత సదస్సు కూడా పెట్టారు. మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ పుట్టింది అందులోంచే. ఆ సభల్లో తెలుగు వినబడని రోజంటూ ఉండదు. త్యాగరాజు తిరువారూరులో పుట్టి, తిరువైయారులో బతికి, 1847లో అక్కడే పోయాడు. ఆయన చుట్టూ ఉన్నది తమిళ నేల, పాడింది మాత్రం తెలుగులో.

ఇక మా సంగతి. మా తాతలు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చి కార్పొరేషన్‌లో ఊడ్చే పనికి కుదిరినవాళ్ళు. మాలో ఇద్దరి అమ్మలు మైలాపూరు వీధులు ఊడ్చారు. సీజన్‌లో తెల్లవారుజామున సభల ముందు పడి ఉన్న కాఫీ కప్పులు, ఇస్తరాకులు ఎత్తింది వాళ్ళే. లోపల పాడేవాళ్ళలో చాలామందికి ఆ తెలుగు మాట్లాడ్డం రాదు. అది ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళు బయటే ఉండిపోయారు. లోపలికి రావద్దని బోర్డు ఏమీ లేదు. టిక్కెట్టు లేని కచేరీలు కూడా ఉంటాయి. "ఏ చీర కట్టుకుని పోవాలి?" అని మాలో ఒకరి అమ్మ అడిగేది. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు ఉండేది కాదు.

2015లో బెసెంట్ నగర్ పక్కన ఊరూర్ ఆల్కాట్ కుప్పంలో ఒక పండుగ మొదలైంది. కుప్పం అంటే జాలర్ల పల్లె. గాయకుడు టి. ఎం. కృష్ణ, పర్యావరణం కోసం పనిచేసే నిత్యానంద్ జయరామన్, ఆ పల్లెవాళ్ళు కలిసి పెట్టారు. ఆ ఏడే కృష్ణ డిసెంబరు సీజన్ సభల్లో ఇక పాడనని ప్రకటించాడు. టిక్కెట్టు లేదు. చీర ప్రశ్న కూడా లేదు, ఎందుకంటే కూర్చునేది నేల మీద.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మను కూడా తీసుకెళ్ళాం. ఆవిడ దారంతా కాళ్ళ నొప్పి గురించే మాట్లాడింది. సముద్రం గాలి మైకులో హోరుమంటోంది. ఎండుచేపల వాసన వస్తోంది. ముందు వరసలో పిల్లలు ఒకరినొకరు తోసుకుంటున్నారు. గాయని త్యాగరాజ కీర్తన ఎత్తుకుంది. కొంచెం సేపటికి అమ్మ మా మోచెయ్యి పట్టుకుని, "ఒరేయ్, ఇది మన మాటే కదరా!" అంది. పక్కన కూర్చున్న కుప్పం అవ్వ విని, "అర్థమేంటమ్మా?" అని తమిళంలో అడిగింది. అమ్మ చెప్పసాగింది. రాముణ్ణి అడుగుతున్నాడు, ఇంకా దయ రాలేదా అని అడుగుతున్నాడు, బతిమాలుతున్నాడు, ఇప్పుడు కోపం వచ్చింది ఆయనకి. ఇలా ఒక్కో ముక్కా తమిళంలోకి మార్చి చెబుతూనే ఉంది. వెనక వరసవాళ్ళు కూడా ముందుకు వంగి వినడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ళు ఊడ్చిన మనిషి ఆ రాత్రి అరగంట పాటు అందరికీ అర్థం చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కాళ్ళ నొప్పి మాటే ఎత్తలేదు.

అయితే ఆ పండుగలో అంతా బాగుందని మేము అనడం లేదు. రెండో ఏడు అదే అమ్మ, "వీళ్ళొచ్చి పాడితే ఇక్కడి కాలవ బాగవుతుందా?" అంది. కుప్పం కుర్రాడొకడు మాతో, "వాళ్ళ పాట మేము వింటున్నాం, మా పాట వాళ్ళ హాల్లో ఎప్పుడు వింటారు?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. పై కులాల సంగీతాన్ని పేదల దగ్గరికి మోసుకురావడం ఉపకారంలా కనబడే ప్రమాదం ఉంది. నిర్వాహకులకు కూడా ఈ సంగతి తెలుసని మాకు అనిపించింది. పరై ఆటను, కట్టైక్కూత్తును కచేరీతో సమానంగా వేదిక ఎక్కించారు. పరై అంటే మన డప్పుకు చుట్టం లాంటిది. పలచటి చర్మం, రెండు పుల్లలు, వాయించే ముందు మంట దగ్గర కాచడం, అంతా మనకు తెలిసిందే.

జోగప్పల పాట గురించి కూడా ఒక మాట. కర్ణాటకలో ఎల్లమ్మను కొలిచే ట్రాన్స్‌జెండర్ భక్తులు వాళ్ళు. కృష్ణ వాళ్ళతో కలిసి కచేరీలు చేశాడు. వాళ్ళ చేతిలోని చౌడికె చూసి మాతో వచ్చిన ఒక తాత, "ఇది మా ఊళ్ళో బైండ్లవాళ్ళ జమిడిక రా!" అని లేచి నిలబడ్డాడు. వెనకవాళ్ళు కూర్చోమని కేకలేసినా కూర్చోలేదు.

ఇప్పుడు చెప్పబోయేది మన క్రైస్తవులు ప్రత్యేకంగా వినాలి. 2020లో కృష్ణ రాసిన "సెబాస్టియన్ అండ్ సన్స్" అనే పుస్తకం వచ్చింది. మృదంగం తయారుచేసేవాళ్ళ గురించిన పుస్తకం అది. మృదంగానికి ఆవు, మేక, గేదె చర్మాలు కావాలి. ఆ చర్మం ఏరి, నానబెట్టి, కోసి, బిగించేవాళ్ళలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. పాలఘాట్ మణి అయ్యర్ మృదంగాలు చేసింది ఆ సెబాస్టియన్ వంశంలోని పర్లాందు. వేదిక మీద వాయించినవారి పేరు లోకానికి తెలుసు, వాద్యం చేసినవాడి పేరు మనలో ఎంతమంది విన్నాం? ఆ పుస్తకం ఆవిష్కరణకు మొదట ఇస్తామన్న హాలు తర్వాత ఇవ్వలేదు. వేరేచోట జరిగింది. ఇంకో సంగతి. 2018 ఆగస్టులో యేసు పాటలు కర్నాటక బాణీలో పాడినందుకు కొందరు గాయకులకు బెదిరింపులు వచ్చాయి. తంజావూరు వేదనాయగ శాస్త్రి, అబ్రహాం పండితర్ ఆ సంగీతాన్ని వందేళ్ళ కిందటే మనవాళ్ళ ఇళ్ళలో పాడించారు. అబ్రహాం పండితర్ 1917లో "కరుణామృత సాగరం" అనే పెద్ద సంగీత గ్రంథం అచ్చువేశాడు. ఎవరి సంగీతం ఎవరిదో తేల్చాలని తొందరపడేవాళ్ళు ఈ పేర్లు ఒకసారి చదవాలి.

అదే 2018 జనవరిలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదటి కచేరీ కీల్పాక్కంలో జరిగింది. సినిమా దర్శకుడు పా. రంజిత్ పూనికతో వచ్చిన బృందం అది. ఉత్తర మద్రాసు గానా పాటను గిటారుతో, డ్రమ్స్‌తో కలిపి పాడారు. అంతమంది మగవాళ్ళ మధ్య ఇసైవాణి అనే ఒక్క అమ్మాయి నిలబడి గానా పాడింది. మాలో ఉన్న చెల్లి ఆ రాత్రంతా ఇంకే మాటా మాట్లాడలేదు. గానా అంటే తాగుబోతుల పాట, ఆడపిల్లలు వినకూడనిది అని మా పేటలో పెంచారు మరి.

తర్వాత రంజిత్ నీలం సంస్థ మార్గళి నెలలోనే "మార్గళియిల్ మక్కళిసై" అని పెట్టింది. మార్గళిలో జనం పాట అని అర్థం. గానా, పరై, పల్లె పాటలు, ఒప్పారి అన్నీ ఉంటాయి. ఒప్పారి అంటే చావింట్లో పాడే ఏడుపు పాట.

ఆ ఒప్పారి గురించి నిదానంగా చెప్పాలి. మాలో ఒకరి మామ డ్రైనేజీ గుంతలో దిగి చనిపోయాడు. కాంట్రాక్టరు దింపాడు. మనుషుల్ని అలా దింపకూడదని 2013లోనే చట్టం వచ్చింది. చనిపోతే కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. కాగితం మీద అంతా ఉంది. మామ కాగితాలు మాత్రం ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగాయి. భూస్థాపన రోజు అత్త గుండెలు బాదుకుని ఏడవబోతే సంఘంలో పెద్దవాళ్ళు ఆపారు. నిరీక్షణ ఉన్నవాళ్ళం, అలా శోకాలు పెట్టకూడదన్నారు. ప్రేమతోనే అన్నారు. అత్త ఆగిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు ఆవిడ ఏడవడం ఎవరూ చూడలేదు.

ఒప్పారి రోజున అత్త మాతో వచ్చింది. వేదిక మీద వయసు మళ్ళిన ఒకావిడ మైకు ముందు నిలబడి, ఎవరో పోయిన మనిషిని పేరు పెట్టి పిలుస్తున్నట్టు గొంతు ఎత్తింది. తమిళ మాటలు మాకు అర్థమవుతూనే ఉన్నాయి కానీ అత్తకు మాటలతో పని లేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టింది. తర్వాత కొంగు తీసేసింది. చుట్టూ ఉన్నవాళ్ళెవరూ వెనక్కి తిరిగి చూడలేదు. పక్కన ఉన్న ఒక తెలియని ఆవిడ అత్త వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. కచేరీ అయ్యాక అత్త టీ అడిగింది. రెండు టీలు తాగింది. తర్వాతి వారం మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాలి, ఎవరైనా తోడు వస్తారా అని అడిగింది. మేము వెళ్ళాం. ఇంకా వెళ్తూనే ఉన్నాం.

ఈ సంగతి మా పాస్టర్ గారికి చెబితే ఆయన చాలాసేపు ఊరుకుని, "విలాపవాక్యములు అని బైబిల్లో ఒక పుస్తకమే ఉంది కదమ్మా, మనం దాని మీద ప్రసంగం విని ఎన్నాళ్ళయింది?" అన్నారు. ఆ ధైర్యంతోనే మేము సంఘ కమిటీకి ఒక ఉత్తరం రాశాం. క్రిస్మస్ ఆరాధనలో డప్పు వాయించనివ్వండి అని.

కమిటీలో గొడవయింది. డప్పు చావుకు వాయించేది, జాతరకు వాయించేది, దేవుని మందిరంలోకి ఎలా వస్తుందన్నారు. గిటారు ఎక్కడినుంచి వచ్చిందని మాలో ఒకరు అడిగారు. అది అనవసరపు మాట, పని చెడగొట్టింది. అప్పుడు మా పేటలో అందరికంటే పెద్దదైన అవ్వ మాట్లాడింది. ఒంగోలు వైపు మనవాళ్ళు క్రీస్తును నమ్ముకున్న రోజులు ఆవిడకు తన అవ్వ చెప్పిన కథగా తెలుసు. 1876 నుంచి కరువు, ఆ కరువులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ పని ఇప్పించడం, 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం మీలో చాలామందికి తెలుసు. ఆ కొత్త విశ్వాసులు జాతర్లకు డప్పు కొట్టమని నిలబడ్డారు. ఊరి పెద్దలు పని ఆపేసి, కొట్టి, ఇబ్బంది పెట్టారు. అవ్వ అంది, "మా వాళ్ళు మానింది డప్పు కాదయ్యా, వెట్టి. పిలిస్తే పోయి కొట్టాల్సిన బతుకు మానారు. ఎవరూ పిలవకుండా మన పిల్లలు మన దేవుడికి కొడతామంటే అది వెట్టి ఎట్లా అవుతుంది?"

దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు. కొందరి భయం మాకు అర్థమవుతుంది. మనవరాలి పెళ్ళి సంబంధాలకు వచ్చేవాళ్ళు గుమ్మంలో డప్పు చూసి ఏమనుకుంటారోనని ఒక తాత నిజాయితీగానే అడిగాడు. ఆయనకు మేము ఇంతవరకు సరైన జవాబు ఇవ్వలేకపోయాం. చివరికి మందిరం లోపల వద్దు, ఇంటింటికీ వెళ్ళే క్యారల్స్‌లో వాయించుకోండి అని తీర్మానం రాశారు.

డప్పు నెల్లూరు నుంచి తెప్పించాం. సిర్ర ఎలా పట్టుకోవాలో, చిటికెన పుల్ల ఎక్కడ తగలాలో అవ్వే చూపించింది, తను ఎన్నడూ వాయించకపోయినా. పోయిన క్రిస్మస్‌కు ముందు రాత్రి వాన పడింది. మూడో వీధికి వచ్చేసరికి చర్మం సడలి డప్పు మూగబోయింది. టీ కొట్టు చూరు కింద అట్టపెట్టెలు చింపి మంట వేశాం. మేము వంతులవారీగా డప్పు తిప్పుతూ కాస్తుంటే, పాస్టర్ గారు గొడుగు తన మీద నుంచి తీసి మంట మీద పట్టారు. అత్త ఇంకో అట్టముక్క వేసి, "ఇప్పుడు కొట్టి చూడండి" అంది.