ఇంజన్ దించిన రోజు

(స్వర్ణోత్సవాల రెండో రోజు మధ్యాహ్నం, పూర్వ విద్యార్థులు తమ తమ వృత్తుల గురించి మాట్లాడిన సభలో చేసిన ప్రసంగం)

నాకు ముందు మాట్లాడిన ముగ్గురిలో ఒకరు డాక్టరు, ఒకరు బ్యాంకు మేనేజరు, ఒకరు అమెరికా నుంచి వచ్చారు. నేను విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చాను. 1988లో పదో తరగతి లెక్కల్లో తప్పాను. మళ్ళీ పరీక్షకి కట్టమని నాన్న ఇచ్చిన డబ్బుతో బస్సెక్కి అక్కడ దిగాను. అప్పటినుంచీ అక్కడే ఉన్నాను. కార్ల ఇంజన్లు దించడం, బాగుచేయడం, ఎక్కించడం నా పని. కమిటీ వారు పది నిమిషాలిచ్చి నీ పని గురించి చెప్పమన్నారు. ఒక్క విషయమే చెబుతాను. ఇంజన్ దించిన రోజున, దాంతో పాటు ఇంకే పనులు చేయించుకోవాలి, ఏవి చేయించుకోకూడదు. ఇక్కడున్న వారిలో చాలామందికి కార్లున్నాయి కాబట్టి పనికొస్తుందనుకుంటున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. 2001లో సొంత షెడ్డు పెట్టిన కొత్తల్లో మన లెక్కల మాస్టారు తన మారుతి 800 తెచ్చారు. అవును, ఆ ముందు వరుసలో నవ్వుతున్నారే, ఆయనే. ఇది చెప్పుకోవడానికి ఆయన అనుమతి తీసుకునే వచ్చాను. బండి పొగ కొడుతోంది, ఆయిల్ తాగుతోంది. రింగులు పోయాయి. ఇంజన్ దించాలన్నాను. సరే అన్నారు. వెళ్తూ వెళ్తూ, "ఏరా, ఎలాగూ దించుతున్నావుగా, ఇంకేమన్నా చూడాల్సినవి ఉన్నాయా?" అని అడిగారు. మాస్టారికి ఖర్చు పెంచడం ఎందుకని, "ఏమీ అక్కర్లేదు మాస్టారూ" అన్నాను. రింగులు వేసి, వాల్వులు రుద్ది, ఇంజన్ ఎక్కించి ఇచ్చేశాను. పొగ పోయింది. ఆయనా సంతోషించారు.

నాలుగు నెలలు తిరక్కుండా ఒక రాత్రి వాళ్ళావిడకి జ్వరం ఎక్కువైతే బండిలో పడుకోబెట్టుకుని గుంటూరు బయల్దేరారు. కృష్ణ మీద వారధి ఎక్కే చోట బండి కదలలేదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది, చక్రం మాత్రం తిరగట్లేదు. క్లచ్ జారిపోతోంది. ఆ చీకట్లో బండిని పక్కకి తోసి, ఆటో దొరికేదాకా రోడ్డు మీద నిలబడ్డారు ఇద్దరూ. అమ్మగారికి నయమైంది, దేవుడి దయ. ఆ రాత్రి తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు బండి తెచ్చి విప్పి చూశాను. ఇంజన్ వెనకవైపు, ఫ్లైవీల్ చాటున, క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఒక రబ్బరు ఆయిల్ సీలు ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి దాని పెదవి గట్టిపడి ఆయిల్ కారింది. ఆ ఆయిల్ క్లచ్ ప్లేటు మీద పడింది. ఆయిల్ తాగిన ప్లేటు ఇక పట్టదు, ఎంత కడిగినా లాభం లేదు. అంతకు నాలుగు నెలల ముందు ఆ సీలు నా కళ్ళెదురుగానే ఉంది. దాని వెల అప్పట్లో వంద రూపాయల లోపే.

మాస్టారు కోప్పడలేదు. బిల్లు పుస్తకం తీసుకుని, దాని వెనక రాస్తూ నన్ను అడిగారు. "సీలు ఎంత? వంద అనుకో. ఇంజన్ మళ్ళీ దించి ఎక్కించడానికి లేబరు ఎంత? రెండు వేలు అనుకో. రెండు వేలని వందతో భాగించు." ఇరవై అన్నాను. "అంటే మార్చకుండా వదిలేసిన ఇరవై బళ్ళలో ఒక్కటి తిరిగొస్తే లెక్క సమానం. ఇరవైలో ఒకటి కంటే ఎక్కువ తిరిగొచ్చేటట్టుంటే మార్చడమే చవక. అంతకంటే తక్కువైతే వదిలేయడం చవక. నీ అనుభవంలో పాత సీళ్ళు ఎన్నిట్లో ఒకటి కారుతుంది?" అన్నారు. నాలుగైదిట్లో ఒకటి అన్నాను. "మరి?" అన్నారు. పదో తరగతిలో నాకు ఎక్కని లెక్క ఆ రోజు షెడ్డులో ఎక్కింది. ఆ భాగహారంలో రాత్రిపూట రోడ్డు మీద నిలబడ్డ ఖర్చు లేదని కూడా నాకు తెలుసు, ఆయన అనలేదంతే.

అప్పటినుంచీ ఇంజన్ దించిన ప్రతి బండికీ ఆ లెక్కే. వస్తువు వెల ఎంత, మళ్ళీ అక్కడికి చేయి చేరాలంటే ఎంత, అది పాడయ్యే అవకాశం ఎంత. ఈ మూడూ చూసి పనుల్ని మూడు రకాలుగా పెట్టుకుంటాను.

మొదటి రకం, చూడక్కర్లేదు, మార్చేయాలి. వెల తక్కువ, చోటు లోతు. వెనక ఆయిల్ సీలు గురించి చెప్పాను. కొత్తది వేసేటప్పుడు ఒక చిన్న సంగతి. పాత సీలు పెదవి షాఫ్ట్ మీద సన్నని గాడి కోసి ఉంటుంది. గోరు పెట్టి చూస్తే తెలుస్తుంది. గాడి ఉంటే కొత్త సీలు పెదవి అదే గాడిలో పడకుండా ఒక మిల్లీమీటరు పక్కకి కూర్చోబెట్టాలి. లేకపోతే కొత్తదీ కారుతుంది. అలాగే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, ముందు చక్రాలు లాగే బళ్ళలో యాక్సిళ్ళు గేర్‌బాక్స్‌లోకి దూరే చోట ఉండే రెండు సీళ్ళు. క్లచ్ రిలీజ్ బేరింగు కూడా ఈ రకమే. చేత్తో తిప్పితే బాగానే తిరుగుతుంది, బరువు పడ్డాక అరుస్తుంది. నమ్మకూడదు.

ఇంజన్ బ్లాకు పక్కన చిన్న గిన్నెల్లాంటి రేకు మూతలుంటాయి, కోర్ ప్లగ్గులంటాం. బ్లాకు పోత పోసేటప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలిన కంతల్ని వాటితో మూస్తారు. మన వైపు రేడియేటర్లో కూలెంట్ బదులు బోరు నీళ్ళు పోసే అలవాటు ఉంది. ఆ నీళ్ళకి ఈ మూతలు లోపలినుంచి తుప్పు పట్టి, పైకి రంగు బాగున్నా కాగితంలా పలచబడతాయి. గేర్‌బాక్స్ వైపు ఉన్న మూత కారిందంటే మళ్ళీ అంతా విప్పాల్సిందే. స్క్రూడ్రైవర్ మొనతో తట్టి చూడండి, దిగబడితే మీ అదృష్టం, ఇప్పుడే తెలిసింది.

ఇక పెట్రోలు వెళ్ళే రబ్బరు గొట్టాలు, ఇంజన్ వెనక గోడ వైపు నడిచే హీటరు గొట్టాలు. వంచి చూస్తే పగుళ్ళు కనిపిస్తాయి. నీళ్ళ గొట్టం పగిలితే బండి ఆగుతుంది. పెట్రోలు గొట్టం పగిలి వేడి సైలెన్సర్ మీద కారితే బండి తగలబడుతుంది. ఈ ఒక్క దాని దగ్గర మాస్టారి భాగహారం కూడా వాడను. మార్చేస్తాను.

రెండో రకం, కొలిచి చూసి నిర్ణయించాలి. వీటి వెల ఎక్కువ. క్లచ్ ప్లేటు తీసుకోండి. లైనింగు మట్టానికి రివెట్ తల ఎంత లోపలికుందో కొలుస్తాను. అర మిల్లీమీటరుకి దగ్గరపడితే మార్చమంటాను. సగానికి పైగా మిగిలి ఉంటే, ఆయిల్ తగలకపోతే, అదే వేయొచ్చంటాను. ఫ్లైవీల్ ముఖం మీద నీలం మచ్చలు, సన్న పగుళ్ళు ఉన్నాయేమో చూస్తాను. ఇంజన్ మౌంటింగుల్లో రబ్బరు ఇనుము నుంచి విడిపోయిందా, ఒక పక్కకి కుంగిందా చూస్తాను. టైమింగ్ బెల్టున్న ఇంజన్ అయితే, ఎప్పుడు మార్చారో యజమానికి గుర్తులేకపోతే మార్చినట్టు కాదు. బెల్టుతో పాటు దాన్ని బిగించి పట్టే బేరింగు కూడా. కొన్ని ఇంజన్లలో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వుల్ని గుద్దుతాయి, అప్పుడు మీరు ఇప్పుడు చేయించిన పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. వాటర్ పంపు బెల్టు వెనకుంటే అది కూడా అప్పుడే.

థర్మోస్టాట్ గురించి ఒక మాట. మన ఎండలకి అది అక్కర్లేదని తీసి పారేసే మేస్త్రీలు చాలామంది. నేనూ కొన్నాళ్ళు అదే చేశాను. అది లేకపోతే ఇంజన్ తగినంత వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదలా ఎక్కువే. వేడి నీళ్ళ గిన్నెలో వేసి తెరుచుకుంటోందో లేదో చూడండి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి. తీసేయకండి.

ఇంజన్ లేని ఖాళీ చోటు కూడా చూడాలి. అప్పుడు తప్ప అక్కడ వెలుతురు పడదు. బ్యాటరీ కింద యాసిడ్ తిన్న రేకు, గోడ వెంట నడిచే బ్రేకు పైపుల మీద తుప్పు, వేడికి పెళుసెక్కిన వైర్లు, ఎలుకలు కొరికినవి, స్టీరింగ్ రాక్ చివర చిరిగిన బూట్లు. తుప్పు గీకి, రంగు వేసి, ఎర్త్ వైరు బిగించే చోట శుభ్రం చేసి పెట్టుకుంటే సరి. ఒక పూట పని. బ్రేకు పైపు బాగా తినేసి ఉంటే మటుకు రంగుతో కప్పకండి, మార్చండి.

మూడో రకం, ముట్టుకోకూడనివి. బానెట్ ఎత్తితే చేయి అందేవన్నీ ఈ రకం. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, ఫ్యాన్ బెల్టు, చాలా బళ్ళలో డైనమో. ఇవి పాడైతే ఆ రోజే మార్చుకోవచ్చు, దానికి ఇంజన్ దించక్కర్లేదు. "ఎలాగూ విప్పాం కదా" అన్న మాట వీటికి వర్తించదు. శబ్దం లేకుండా, గేర్లు సాఫీగా పడుతున్న గేర్‌బాక్స్‌ని కూడా విప్పకండి. సీళ్ళు మార్చి, ఆయిల్ మార్చి వదిలేయండి. ఇంకొకటి. బాగున్న కంపెనీ వస్తువు తీసేసి, చవక నకిలీ వస్తువు వేయడం మెయింటెనెన్స్ కాదు.

ఇది కూడా దెబ్బతినే నేర్చుకున్నాను. మాస్టారి బండి తర్వాత భయం పట్టుకుని, ఒక ట్యాక్సీ తోలుకునే అబ్బాయి బండికి అడక్కుండా అన్నీ కొత్తవి వేసేశాను. బిల్లు చూసి అతను గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. డబ్బు సర్దుకునేదాకా రెండు నెలలు ఆ బండి నా షెడ్డులోనే ఉంది. బండి లేక అతనికి తిండి లేదు. మంచి పనే చేశాను, కానీ నా బండి కాదది. మాస్టారి దగ్గర తక్కువ చేశాను, ఇతని దగ్గర ఎక్కువ చేశాను. రెండు చోట్లా తప్పు ఒకటే. నిర్ణయించాల్సిన వాడిని అడగలేదు.

అందుకే ఇప్పుడు ఇంజన్ కిందికి దిగాక పని ఆపేస్తాను. యజమానిని షెడ్డుకి పిలుస్తాను. రాలేని వారికి ఫోన్లో ఫోటోలు పంపుతాను. ఒక కాగితం మీద మూడు వరసలు రాసి, ఒక్కోదానికి ఎదురుగా ఇప్పుడు మారిస్తే ఎంత, తర్వాత మార్చాల్సి వస్తే ఎంత అని రెండు అంకెలు వేస్తాను. టిక్కు పెట్టేది ఆయనే. మీ మెకానిక్ ఈ కాగితం ఇవ్వకపోతే మీరే అడగండి. ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మళ్ళీ ఇంజన్ దించితే తప్ప చేయి అందనివి ఏవేవి?" ఆ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పేవాడి దగ్గర బండి వదలొచ్చు. మార్చిన పాత సామాన్లు చూపించమని కూడా అడగండి. మంచి మేస్త్రీ నొచ్చుకోడు.

చివరిగా, కమిటీ వారికి ఒక విన్నపం. వచ్చే వేసవిలో మన బడి పాత బ్లాకు పెంకులు దించి కొత్త కప్పు వేద్దామని నిన్న తీర్మానం చేశారు. సంతోషం, నా వంతు నేనూ ఇస్తాను. కానీ ఎస్టిమేటులో కప్పు ఒక్కటే ఉంది. పెంకులు దించిన రోజున దూలాల చెద, గోడల తల మీది పగుళ్ళు, అటక మీద నడిచే పాత వైరింగు మన చేతికందుతాయి. కప్పు వేశాక అందవు. బెంచీలు, రంగులు, బోర్డులు తర్వాత ఏ ఏడాదైనా చేసుకోవచ్చు, వాటికి నిచ్చెన కూడా అక్కర్లేదు. ఆ వైర్ల కింద పిల్లలు కూర్చుంటారు. కాబట్టి కప్పు దించిన రోజున ఒక్క పూట పని ఆపి, హెడ్మాస్టరు గారిని, కమిటీని పిలిచి చూపించి, రెండు అంకెలు రాసిన కాగితం వారి ముందు పెట్టమని కాంట్రాక్టరుకి ఇప్పుడే చెప్పండి.

ఆ కాగితం మీద భాగహారం చేయడానికి మాస్టారు ఉన్నారు. ఆయనకి తీరిక లేకపోతే నన్ను పిలవండి. ఇప్పుడు నాకూ వచ్చు.