అతుకు కనబడని పటం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన చేర్చి పెద్ద పటంగా కూర్చడంలోనే గడిచింది. మీ మనవల ఫోన్లలో ఉపగ్రహ పటం తెరిస్తే, ఒక్కోచోట నేల రంగు గీత గీసినట్లు మారిపోతుంది. ఆ గీత ఎందుకు వస్తుందో, ఎంతవరకు చెరపవచ్చో మనవి చేస్తాను.

1984లో ప్రయోగించిన లాండ్‌శాట్-5 ఒక పర్యాయంలో 185 కిలోమీటర్ల వెడల్పు పట్టీని చూసేది. దానికి పడమటనున్న పట్టీ వంతు 7 రోజుల తర్వాతగాని వచ్చేది కాదు. ఈలోగా గాలిలో తేమ, దుమ్ము మారిపోయేవి. భూమధ్యరేఖ దగ్గర ఈ రెండు పట్టీలు సుమారు 7 శాతం ఒకదానిపై ఒకటి పడేవి. ఒకే నేల రెండింటిలోనూ ఉండే ఆ కాస్త చోటే మాకు కొలబద్ద.

అక్కడ మొదటి చిత్రపు వెలుగు సగటు 80, రెండోదానిది 90 అనుకోండి. సగటు చుట్టూ హెచ్చుతగ్గులు 20, 25 అనుకోండి. రెండోదానిలో 115 ఉన్న చుక్కను 100కు దిద్దితే మొదటిదానితో సరిపోతుంది. బ్యాండు బ్యాండుకూ ఈ లెక్క విడిగా చేయాలి. మధ్య చిత్రాన్ని ఆధారం చేసుకొని నలువైపులా సాగాలి. అంచు నుంచి మొదలుపెడితే చిన్న తేడా పోనుపోను పెరుగుతుంది. మిగిలిన అతుకును నది వెంట, రోడ్డు వెంట నడిపిస్తే కంటికి ఆనదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ వారం పచ్చగా ఉన్న వరి పై వారానికి కోతకు రావచ్చు, వరదలో మునగవచ్చు. మునిగిన పొలాలను కూడా కలిపి సగటు తీస్తే, రెండో చిత్రమంతా అకారణంగా వెలుగెక్కుతుంది. నీరు నేలలా భ్రమింపజేస్తుంది. ఆ పటం చూసి నష్టం లెక్కకట్టేవారికి రైతు నష్టం కనబడకుండా పోతుంది.

అందుకని మేఘాలు, నీరు, పైరు వదిలేసి, వారం రోజుల్లో మారని రాతి గుట్టలు, విమానాశ్రయపు రన్‌వేలు వంటివాటితో సరిపోల్చేవాళ్లం. గోడకు తగిలించే పటం వేరు, లెక్కలకు వాడే పటం వేరు. రంగు దిద్దని ప్రతిని కూడా భద్రపరచాలని నేను పట్టుబట్టేవాణ్ణి. “అతుకు కనిపిస్తోందేమయ్యా?” అని పై అధికారి అడిగితే, “అది నిజమైన అతుకేనండి. ఇటు కోతలయ్యాయి, అటు కాలేదు” అని చెప్పిన సందర్భాలున్నాయి.

ఈ పని ఇప్పుడు కంప్యూటర్లు నిమిషాల్లో చేస్తున్నాయి. ఈ రంగంలోకి వచ్చే మన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. రంగు కలిపే ముందు ఆ తేడా గాలిదా, నేలదా అని చూడండి. గాలిదైతే చెరపండి, నేలదైతే ఉంచండి.