గాజులో చేతులు మారే శక్తి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆవర్తన పట్టిక అడుగున విడిగా వేసిన రెండు వరుసల్ని మన పిల్లలు సాధారణంగా దాటేస్తుంటారు. పై వరుసలోవే విరళ మృత్తిక మూలకాలు. వాటిలో ఎర్బియం, ఇటెర్బియం అనే రెండింటి సంగతి ఈ రోజు చెప్తాను.

నూజివీడు అంటే మనకు మామిడిపళ్ళే గుర్తొస్తాయి. అక్కడి నాగార్జున విశ్వవిద్యాలయ పి.జి. కేంద్రంలో ఆచార్య ఎన్. వీరయ్య గారు, వారి శిష్యులు విరళ మృత్తిక అయాన్లు కలిపిన గాజుల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. గాజులంటే చేతికి వేసుకునేవి కావమ్మా! పొడుల్ని తూచి, నూరి, మూసలో పెట్టి, సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో కరిగించి అచ్చుపోసేవి.

ఇంతకీ ఎర్బియం ఎందుకు? లేజర్ గాజులో ముందు పేరు తెచ్చుకున్నది నియోడిమియం, 1961లో. దాని 1.06 మైక్రాన్ల కిరణం కంట్లో పడితే రెటీనా దాకా పోయి కాలుస్తుంది. ఎర్బియం ఇచ్చే 1.54 మైక్రాన్ల కిరణం చాలావరకు కంటి ముందుభాగపు నీటిలోనే ఇంకిపోతుంది. అందుకే దూరం కొలిచే పరికరాల్లో దీన్ని వాడతారు.

చిక్కేమిటంటే, ఎర్బియం బయటి వెలుగును సరిగా పీల్చుకోదు. పోనీ ఎక్కువ వేద్దామా అంటే, ఉత్తేజితం కాని అయాన్లు పుట్టిన లేజర్ వెలుగునే మింగేస్తాయి. 1965లో అమెరికాలో స్నిట్జర్, వుడ్‌కాక్ గార్లు పక్కన ఇటెర్బియం చేర్చారు. అది 0.98 మైక్రాన్ల దగ్గర వెలుగును బాగా పడుతుంది. పట్టిన శక్తిని పక్కనున్న ఎర్బియానికి అందిస్తుంది.

ఒకటి వెలుగు విడిస్తే రెండోది పట్టుకుంటుందని అనుకోకండి. మధ్యలో వెలుగే పుట్టదు. రెండూ దగ్గరగా ఉండి, శక్తిమెట్లు కలిస్తే చాలు. 1948లో ఫోర్‌స్టర్ గారు వేసిన లెక్క ప్రకారం దూరం సగమైతే శక్తి మారే వేగం 64 రెట్లవుతుంది!

అందిన శక్తి వెనక్కి పోవచ్చు కూడా. ఇక్కడే గాజు సాయపడుతుంది. ఫాస్ఫేటు గాజు అణువుల కంపనాలు కొంత శక్తిని వేడిగా తీసుకుని, ఎర్బియాన్ని కొద్ది మైక్రోసెకండ్లలోనే ఒక మెట్టు కిందికి దించుతాయి. కాలవ నీరు చేలోకి దిగాక మళ్ళీ గట్టెక్కుతుందా? ఇదీ అంతే. ఆ కింది మెట్టు మీద ఎర్బియం కొన్ని మిల్లీసెకండ్లు నిలుస్తుంది. లేజర్‌కు కావలసిన వ్యవధి అదే.

ఈ జంటనే సన్నని గాజు తీగలో పెట్టి, దూరం పోయి నీరసించిన టెలిఫోను, టి.వి. సంకేతాలకు మళ్ళీ బలమిస్తున్నారు.